కొత్తచేతికి పిస్తోలు

1780వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీ ఉదయమున, కలకత్తా చేరువనున్న ఆలిపూరులో ఇద్దరు పెద్దమనుష్యులు చేత పిస్తోళ్ళు ధరించి, 14 అంగల దూరమున ఎదురెదురుగా నిలిచిరి. ఒకరు గవర్నరు జనరలు వారన్ హేస్టింగ్సు. రెండవవారు ఆయన కౌన్సిలు సభ్యుడు, ఆయనకు బద్ధవిరోధి యగు ఫిలిప్ ఫ్రాన్సిసు. వారి కలహకారణములు చరిత్ర గ్రంథములలో విస్తారముగ కలవు; వానితో మనకిప్పుడు పని లేదు. హేస్టింగ్సు పక్షమున సాక్షిగా నిలిచిన కర్నలు పియర్సు ఆనాటి వృత్తాంతమును వ్రాసియుంచెను. అందులో ఒక చిన్న సంగతి కలదు. ఫ్రాన్సిసు తాను పుట్టి బుద్ధి యెరిగిన తరువాత పిస్తోలు కాల్చి యెరుగననెనట. హేస్టింగ్సు తాను ఒకటి రెండు పర్యాయములు మాత్రమే కాల్చితిననెనట. ఇంత రాజ్యమునేలువారు ఇద్దరును ఆ విద్యలో ఓనమాలు రానివారే. ఫ్రాన్సిసు పిస్తోలులోని మందు చెమ్మగిలి మొదట పేలనే లేదు. మరల మందు దట్టించవలసి వచ్చెను. పిమ్మట ఆయన కాల్చిన గుండు ఎటో పోయెను. హేస్టింగ్సు గుండు ఆయన కుడి ప్రక్కను తగిలెను. ప్రాణము దక్కుటయే అదృష్టము.

కొత్తగా పిస్తోలు పట్టువాడు ఎట్టి పిస్తోలును పట్టవలెనను ప్రశ్న ఆ ఉదయమున ఎవరికిని తోచినట్లు లేదు. ఉన్నది పట్టిరి, కాల్చిరి. కాని ఆ ప్రశ్నకు ఒక చరిత్ర యున్నది. మనుష్యుని చంపుటకై పుట్టిన పనిముట్టు, కాగితముపై గీసిన వృత్తమును కొలుచు పనిముట్టుగా మారిన చరిత్రయే అది. ఆ మార్పు ఒక్కనాట జరుగలేదు, ఒక్క దేశమున జరుగలేదు.

చిత్రమేమనగా, గురిపోటీలకు పనికివచ్చు పిస్తోలునకు తల్లి ఆ ద్వంద్వయుద్ధపు పిస్తోలే. 18వ శతాబ్ది చివర లండనులో వోగ్డన్, మాంటన్ సోదరులు మొదలగు పనివారు జతజతలుగా పెట్టెలలో అమర్చి అమ్మిన పిస్తోళ్ళను చూచినచో ఈ సంగతి తెలియును. సైనికుని పిస్తోలు బరువైనది, మోటైనది. గుండు అయిపోయిన తరువాత గదవలె తిప్పి కొట్టుటకు కూడ పనికివచ్చునట్టిది. ద్వంద్వయుద్ధపు పిస్తోలు అట్లుగాదు. చేయి చాచినంతనే గొట్టము చూపుతో కలిసి నిలుచునట్లు దాని పిడిని వంచిరి. బరువును ముందు వెనుకలకు సరితూచిరి. మీటను, అనగా ట్రిగ్గరును, వెండ్రుక తగిలినను జారునంత సున్నితము చేయు ఉపాయమును కనిపెట్టిరి. 1804లో అమెరికాలో అలెగ్జాండర్ హామిల్టనును ఏరన్ బర్ చంపిన పిస్తోళ్ళ జత వోగ్డన్ పనితనమే. వానిలో ఆ సున్నితపు మీట కలదు. పిడి, తూకము, మీట - ఈ మూడును నేటి పిస్తోలునకును ప్రాణములు. ప్రాణము తీయుటకు నేర్చిన పనితనమునే తరువాతివారు ఆటకు తెచ్చిరి.

ఆటకు తెచ్చుటలో మొదటి అడుగు 1845లో పారిసు నగరమున పడినది. లూయీ నికొలా ఫ్లొబేర్ అను తుపాకి పనివాడు, తుపాకిని అంటించు చిన్న రాగి టోపీ కొనలోనే చిరుగుండును బిగించి, వేరే మందు అక్కరలేకుండ కాల్చు ఉపాయమును కనిపెట్టెను. ఆ టోపీలోని చిటికెడు పదార్థమే గుండును నెట్టుటకు చాలును. దానితో పెద్ద చప్పుడు లేదు, పొగ లేదు, తన్ను లేదు. సంపన్నుల యిండ్లలో విశాలమైన గదులలోనే గురికాగితములు పెట్టి స్త్రీలును పురుషులును కాల్చి వినోదింపసాగిరి. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు ఆ ఉపాయమునకే కొంచెము మందు జతచేసి పాయింటు 22 తూటాను చేసిరి. దానిని పొడవు చేసి 1887లో స్టీవెన్స్ వారు తెచ్చిన తూటాయే నేటికిని ప్రపంచమంతట గురిపిస్తోళ్ళలో వాడబడుచున్నది. వయస్సు నూట ముప్పది యేండ్లు దాటినను దానికి ముసలితనము రాలేదు.

ఈ చిన్న తూటా కొత్తవానికి ఏల అంత ముఖ్యమో ఒక మాట చెప్పవలెను. పెద్ద పిస్తోలు మొదటిసారి కాల్చినవానికి చెవులు గింగురుమనును, మణికట్టు అదరును. రెండవసారి కాల్చునప్పటికి శరీరము ఆ తన్నును జ్ఞాపకముంచుకొనును. మీట నొక్కుటకు ముందే కన్ను మూతపడును, చేయి క్రిందికి జంకును. గుండు గురికి దిగువగా పోవును. వాడు పిస్తోలు మంచిది కాదనుకొనును. ఈ జంకు ఒకసారి నరములలో పాతుకొన్నచో, దానిని పెరికివేయుట గురి నేర్పుటకన్న కష్టమని శిక్షకులందరు చెప్పుదురు. గాంభీర్యమునకై పెద్ద పిస్తోలుతో మొదలుపెట్టిన యువకులు ఎందరో ఈ కారణము చేతనే ఆ విద్యకు దూరమైరి.

1896లో ఏథెన్సు నగరమున ఆధునిక ఒలింపిక్ క్రీడలు మొదలైనపుడు, అమెరికానుండి జాన్ పేన్, సమ్నర్ పేన్ అను ఇద్దరు అన్నదమ్ములు వచ్చిరి. సమ్నర్ అప్పటికి పారిసులో గాస్టిన్ రెనెట్ అను ప్రసిద్ధ తుపాకి అంగడిలో పనిచేయుచుండెను. జాన్ ఆ త్రోవన వచ్చి సోదరుని వెంటబెట్టుకొనిపోయెను. అచటి పోటీలకు ఏ పిస్తోళ్ళు చెల్లునో తెలియక, పెద్దవి, చిన్నవి, సైనికులవి, గురికి చేసినవి పలురకములు మూటగట్టుకొనిరి. తూటాలు 3,500 తీసికొనిపోయిరి. పోటీలన్నియు ముగిసిన పిమ్మట లెక్కచూడగా 96 మాత్రమే ఖర్చయినవి. సైనిక రివాల్వరు పోటీలో జాన్ 442 పాయింట్లతో ప్రథముడు, సమ్నర్ 380తో ద్వితీయుడు. తమ్ముళ్ళు అన్నలు ఒకరినొకరు ఓడించుకొనుచు పోరాదని తలచి జాన్ తరువాతి పోటీకి దిగలేదు. దానిలో సమ్నర్ ప్రథముడయ్యెను. అతని పాయింట్లును 442! పోటీ నియమములు ముందుగ తెలిసికొనక పిస్తోలు ఎన్నుకొనుట యనగా ఎనిమిది రకములు మోసుకొనిపోవుటయే యగునని ఈ కథ చెప్పుచున్నది. పేన్ సోదరులు ధనవంతుల బిడ్డలు. వారికి అది భారము కాలేదు.

భారమైనవారి కథ ఇరువదినాలుగేండ్లకు ఆంట్వర్పు నగరమున జరిగినది. 1920 క్రీడలకు బ్రెజిలు దేశపు కాల్పరులు ఓడమీద అట్లాంటిక్ దాటి యూరపు చేరిరి. త్రోవలో వారి ఆయుధములును తూటాలును దొంగలపాలైనవి. చేత పిస్తోలు లేక పోటీకి వచ్చినవారిని చూచి అమెరికా జట్టువారు తమ పిస్తోళ్ళను, తూటాలను ఎరువిచ్చిరి. ఆ ఎరువు పిస్తోలుతోనే గిల్యెర్మె పరాయెన్సె సైనిక పిస్తోలు పోటీలో 274 పాయింట్లు సాధించి, 272 సాధించిన అమెరికా పోటీదారు రేమండ్ బ్రాకెనునే ఓడించి స్వర్ణపతకము గెలిచెను. బ్రెజిలు దేశమునకు ఒలింపిక్ స్వర్ణము అదే మొదటిది. ఎరువిచ్చినవారి ఔదార్యమును మెచ్చవలెనో, పుచ్చుకొన్నవాని నేర్పును మెచ్చవలెనో చెప్పుట కష్టము. కొత్తవాడు మొదట స్వంత పిస్తోలు కొనరాదు, సంఘము పిస్తోలుతో నాలుగు నెలలు కాల్చి చూడవలెనని నేటి శిక్షకులు చెప్పు మాటకు ఇంతకన్న మంచి సాక్ష్యము నాకు కనబడదు.

ఎందుకనగా, తనకు తగిన పిస్తోలు ఏదో కొత్తవానికి తెలియదు. తెలియవలసినది పిస్తోలు గురించి కాదు, తన చేయి గురించి. పిస్తోలు గొట్టము చివర ముందు ఒక కొన, వెనుక ఒక గాడి యుండును. గాడి మధ్య కొన నిలిచి, రెండింటి తలలు ఒకే గీతలో నుండవలెను. ఆ రెంటికిని నడుమ 20 సెంటీమీటర్ల ఎడమున్నదనుకొందము. చేయి మొత్తము తిన్నగా ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, 25 మీటర్ల యెడనున్న గురికాగితముపై గుండును ఒక మిల్లీమీటరే జరుగును. దాని వలన నష్టము లేదు. కాని మణికట్టు వంగి కొన మాత్రము గాడినుండి ఒక మిల్లీమీటరు తొలగినచో, గుండు 125 మిల్లీమీటర్లు, అనగా సుమారు అయిదంగుళములు తప్పిపోవును. చేయి వణకుట అపాయము కాదు. మణికట్టు విరుగుట అపాయము. కొత్తవాడు చేతివణకును చూచి బెదరి, గురి మధ్యకు వచ్చిన క్షణమున మీటను చటుక్కున లాగును. ఆ లాగుటతో మణికట్టు విరుగును.

కావుననే పిడి చేతికి సరిపోవలెను. చేయి చిన్నదై పిడి లావైనచో వ్రేలు మీటను తిన్నగా వెనుకకు నొక్కలేదు, ప్రక్కకు నెట్టును. పిడి సన్నమైనచో అరచేతిలో ఖాళీ యేర్పడి, ప్రతి పర్యాయమును పట్టు మారును. అక్రోటు కొయ్యతో పిడిని చెక్కి, ఆకురాయితో రాచి, ఎవరి చేతికి వారు అమర్చుకొను వాడుక అందువలననే పుట్టినది. కండ్లు మూసికొని పిస్తోలు ఎత్తి, తెరచి చూచినపుడు కొన గాడిలోనే యున్నచో ఆ పిడి తనదని గ్రహింపవలెను. వెలకన్న, పేరుకన్న ఈ పరీక్ష నమ్మదగినది.

మీట సంగతి వేరు. 50 మీటర్ల స్వేచ్ఛా పిస్తోలు పోటీలో మీట బరువునకు కనిష్ఠ నియమము లేదు. ఊపిరి తగిలినను జారునా యనునంత సున్నితము చేసికొందురు. స్విట్జర్లండులో 1863లో స్థాపితమైన హెమ్మర్లీ వారి పిస్తోళ్ళు ఈ పోటీకి పేరుపొందినవి. కొత్తవానికి ఇది మిఠాయివలె కనబడును. కాని నొక్కుటయే తెలియనివానికి, నొక్కక ముందే పేలు పిస్తోలు ఏమి నేర్పును? 2016 రియో క్రీడలతో ఆ పోటీ ఒలింపిక్ పట్టికనుండి తొలగింపబడినది. కొరియా దేశీయుడు జిన్ జోంగ్-ఓ ఆ పోటీలో 2008, 2012, 2016లలో వరుసగా మూడు స్వర్ణములు గెలిచి, తలుపు వేసి వచ్చినవానివలె నిలిచెను.

రెండవసారి కొత్తచేయి యైనవాని కథ ఇక్కడ చెప్పవలెను. కారోలీ టకాచ్ 1910లో బుడాపెస్టున పుట్టినవాడు, హంగరీ సైన్యమున సార్జంటు. కుడిచేతితో కాల్చుటలో ప్రవీణుడు. 1936 క్రీడలకు అతనిని పంపలేదు. హంగరీ జట్టులో అధికారులకే గాని సార్జంటులకు చోటు లేదను నియమముండెను. ఆ నియమము తరువాత సడలినది. కాని 1938లో సైనికశిక్షణలో దోషమున్న చేతిబాంబు ఒకటి అతని కుడిచేతిలోనే పేలినది. చేయి పోయినది. ఒక నెల ఆసుపత్రిలో నుండి బయటకు వచ్చి, ఎవరికిని చెప్పక, ఎడమచేతితో కాల్చుట నేర్వ మొదలిడెను. ఇరువదియెనిమిదేండ్ల వయస్సున ఆ ఎడమచేయికి పిస్తోలు పట్టుట తెలియదు, మీట నొక్కుట తెలియదు. కుడిచేతికై చెక్కిన పిడి ఎడమచేతికి ఇమడదు. కంటికి, బుద్ధికి అంతయు తెలియును. చేతికి ఏమియు తెలియదు. ఇట్టి గురువు, ఇట్టి శిష్యుడు ఒక్క శరీరములోనే యుండుట మరెక్కడను వినలేదు.

1939 వసంతమున హంగరీ జాతీయపోటీలకు అతడు వచ్చినపుడు, తోటివారు తమ ఆట చూచి సంతోషించుటకు వచ్చినాడనుకొని ఓదార్చిరట. అతడు పోటీకి దిగి గెలిచెను. 1940, 1944 క్రీడలను యుద్ధము మ్రింగివేసినది. 1948 లండను క్రీడలకు అతనికి 38 ఏండ్లు. 25 మీటర్ల శీఘ్ర పిస్తోలు పోటీలో అయిదు గురులు ఒక్కుమ్మడి తిరుగును. 8 క్షణములలో అయిదును, తరువాత 6 క్షణములలో, ఆపై 4 క్షణములలో అయిదేసి కాల్చవలెను. అర్జెంటీనా ప్రపంచవిజేత సాయెన్స్ వాలియెంతె ఇతనిని చూచి, ఏమి పనిమీద వచ్చితివని అడుగగా, నేర్చుకొనుటకు వచ్చితిననెనట. 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణము గెలిచినది టకాచే. నీవు చాలినంత నేర్చితివని అర్జెంటీనా వీరుడు తరువాత అభినందించెనట. 1952లో హెల్సింకీలో, 42వ యేట, తన దేశీయుడే యగు సిలార్డ్ కూన్ కన్న ఒకే ఒక్క పాయింటు మిగిల్చి టకాచ్ మరల గెలిచెను.

యుద్ధానంతరమున పిస్తోలు విద్య సామాన్యులకు అందుబాటులోనికి వచ్చుటకు కారకులైనవారిలో ఒక అంధుడు కలడనిన శ్రోతలు నమ్మకపోవచ్చును. మిహయీల్ మార్గోలిన్ 1924లో, పదునెనిమిదేండ్ల వయస్సున, కాకసస్ కొండలలో పోరాటమున తలకు గుండు తగిలి రెండు కండ్లును పోగొట్టుకొనెను. చీకటిలోనే తుపాకి యంత్రనిర్మాణము నేర్చెను. గీతల పటములు చూడలేడు గనుక కొయ్యతోను, మెత్తని మైనముతోను భాగములను చేసి, వ్రేళ్ళతో తడవి చూచి, సవరించి, తోటి పనివారికి చెప్పి చేయించెను. అతని పాయింటు 22 పిస్తోలు రెండవ ప్రపంచయుద్ధానంతరము వెలువడి, ఈజెవ్స్కు కర్మాగారమున విస్తారముగ తయారై, సోవియట్ క్రీడాసంఘములలో అసంఖ్యాకులకు తొలి పిస్తోలయ్యెను. చవుక, మన్నిక, నిర్మాణములో సరళత దాని గుణములు. దానిని పట్టి చూచినవారు పిడి చేతికి బాగుగ నిమిడినదందురు. చేతితోనే చూచినవాని పని యది, ఇమడక యేమగును?

సముద్రమునకు ఆవల అమెరికాలో 1949లో విలియం రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ అనువారు కొద్దిపాటి పెట్టుబడితో చిన్న కార్ఖానా తెరచి, పాయింటు 22 పిస్తోలును 37 డాలర్ల 50 సెంట్లకు అమ్మిరి. ఇనుపరేకులను అచ్చులో వంచి అతికించుటచే ఆ చవుక సాధ్యమైనది. కొత్తవారు ఎగబడి కొనిరి.

అయినను తూటా పిస్తోలునకు కాల్చుటకు బయట మైదానము కావలెను, వెనుక మట్టిగట్టు కావలెను, అన్నింటికన్న మించి ప్రభుత్వపు అనుమతి కావలెను. ఈ చిక్కులను తీర్చినది గాలి పిస్తోలు. 1924లో బర్మింగుహామున వెబ్లీ వారు బిగువైన స్ప్రింగుతో గాలిని నొక్కి చిరుగుండును తోలు పిస్తోలును అమ్మిరి. అది పెరటి వినోదము. దానిలో లోపమేమనగా, స్ప్రింగు విడువడినపుడు గుండు గొట్టము దాటకముందే పిస్తోలంతయు కుదురుకోల్పోవును. జర్మనీలో ఓబర్న్‌డోర్ఫు పట్టణపు ఫైన్‌వెర్క్‌బావ్ వారు 1965లో దీనికొక విరుగుడు కనిపెట్టిరి: స్ప్రింగు ముందుకు దూకునపుడు గొట్టము మొదలగు భాగములు పట్టాలమీద బండివలె వెనుకకు జరుగును, పిడి మాత్రము కదలదు. చేతికి తన్ను తెలియనే తెలియదు. పెరటి వినోదము అట్లు పోటీవిద్య యైనది. ఇప్పటి పోటీ పిస్తోళ్ళలో స్ప్రింగు కూడ లేదు. చిన్న సిలిండరులో నింపిన గాలి ఆ పని చేయును. 1988 సియోల్ క్రీడలనుండి గాలి పిస్తోలు ఒలింపిక్ పట్టికలో నున్నది.

దాని నియమములు కొత్తవానికి వరములు. బరువు 1,500 గ్రాములకు మించరాదు. 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు గల పెట్టెలో ఇమడవలెను. మీటకు 500 గ్రాముల బరువు తగిలించి పిస్తోలును నిట్టనిలువుగా ఎత్తి చూతురు; మీట జారినచో ఆ పిస్తోలు చెల్లదు. అనగా నేర్చువాడు నొక్కుట నేర్చియే తీరవలెను. గురి 10 మీటర్ల దూరము. పది పాయింట్ల వలయము అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు, మన చిన్న చొక్కా బొత్తామంత.

మన దేశమున జాతీయ రైఫిల్ సంఘము 1951లో ఏర్పడినది. లోక్‌సభ తొలి స్పీకరు గణేశ్ వాసుదేవ మావలంకర్ దానికి ప్రథమాధ్యక్షుడు. ఆయన పేర నేటికిని పోటీలు జరుగుచున్నవి. 1959 ఆయుధ చట్టము ప్రకారము తూటా పిస్తోలునకు లైసెన్సు కావలెను. 2016 ఆయుధ నియమములు మాత్రము పాయింటు 177 గొట్టమునకు, 20 జౌళ్ళ శక్తికి మించని గాలి పిస్తోలును లైసెన్సునుండి మినహాయించినవి. మధ్యతరగతి యింటి పిల్లలు ఈ విద్యకు రాగలుగుటకు ఆ మినహాయింపు మూలము. అయినను పోటీకి తగిన విదేశీ పిస్తోలు వెల సామాన్య కుటుంబమునకు నేటికిని మోయరాని బరువే. ఎంత వెలపెట్టినను యంత్రము యంత్రమే. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో మను భాకర్ పిస్తోలు పోటీ నడుమ చెడి, అమూల్యమైన నిమిషములు పోయి, ఆమె రెండు పాయింట్ల కొరతతో తుదిపోటీకి దూరమయ్యెను. 2024లో పారిసున ఆ గాలి పిస్తోలు పోటీలోనే కాంస్యము గెలిచెను.

హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో, పదమూడేండ్ల ప్రాయమున, గాలి పిస్తోలులో జాతీయ విజేత యయ్యెను. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఆమె రెండు రకముల పిస్తోళ్ళు పట్టెను. 10 మీటర్ల గాలి పిస్తోలులో ఒక రజతము. 1,000 గ్రాముల మీట గల 25 మీటర్ల తూటా పిస్తోలులో మరియొక రజతము. జట్టుపోటీలలో వచ్చిన స్వర్ణము, రజతము వీనికి అదనము.